1934 ఫోర్డ్ స్ట్రీట్ రాడ్ కొనవచ్చునా?

ప్రశ్న: మేము పదిహేడేళ్లుగా టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాము. ఇక్కడికి రెండు గంటల దూరంలో ఒక పెద్దమనిషి తన 1934 ఫోర్డ్ త్రీ విండో కూపేను, అంటే రెండు తలుపుల చిన్న కారును, స్ట్రీట్ రాడ్‌గా మార్చి (పాత ఆకారం ఉంచి, లోపలి యంత్రభాగాలు కొత్తవి వేసి) అమ్మకానికి పెట్టారు. ఎర్ర రంగు, షెవ్రొలే 350 ఇంజిన్, ఆటోమేటిక్ గేర్లు, ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు, పవర్ స్టీరింగ్, ఏసీ అని ప్రకటనలో ఉంది. 54,000 డాలర్లు అడుగుతున్నారు. తొంభై ఏళ్ల నాటి కారును ఇంత సౌకర్యంగా నడపవచ్చునంటే మనసు ఆగడం లేదు. వారానికి రెండు రోజులు ఆఫీసుకు కూడా తీసుకువెళ్లాలని ఉంది. మా నాన్నగారు విజయవాడలో లారీల యజమాని. నా చిన్నతనమంతా ఆటోనగర్‌లో గడిచింది కనుక ఇనుము, గ్రీజు నాకు కొత్త కావు. అయితే పదకొండేళ్ల మా అమ్మాయిని ఆ తొంభై ఏళ్ల నాటి కారులో ఎక్కించవద్దని నా భార్య గట్టిగా అంటోంది. ఈ ధర సమంజసమేనా? రిటైరైన తరువాత దానిని విజయవాడ తీసుకువెళ్లగలనా? నాన్నగారు వచ్చే నెలలో ఇక్కడికి వస్తున్నారు, ఆయనకు చూపించాలని ఆశ.
— ఒక పాఠకుడు, ఫ్రిస్కో

సమాధానం: మీరు ఉత్తరంలో రెండు చోట్ల ‘తొంభై ఏళ్ల నాటి కారు’ అని రాశారు. నేను చెప్పవలసినదంతా ఆ మాటతోనే ముడిపడి ఉంది. 1934లో ఫోర్డ్ కర్మాగారం నుంచి బయటికి వచ్చినప్పుడు ఈ కూపేలో 221 ఘనపు అంగుళాల ఫ్లాట్‌హెడ్ వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్ ఉండేది, దాని శక్తి 85 హార్స్‌పవర్. బ్రేకులు ఇనుప కడ్డీల లాగుడుతో పనిచేసేవి, ఎందుకంటే ఫోర్డ్ హైడ్రాలిక్ బ్రేకులకు మారినది 1939 నమూనాలతోనే. ముందూ వెనుకా అడ్డంగా ఒక్కొక్క కమాను కట్ట, 6 వోల్టుల బ్యాటరీ, మూడు గేర్ల మాన్యువల్ గేర్‌బాక్స్ ఉండేవి. మీరు పంపిన ప్రకటనలోని వివరాలను బట్టి చూస్తే వీటిలో ఏదీ ఇప్పుడు ఆ కారులో లేదు. మిగిలినది ఆకారం ఒక్కటే, అదృష్టం బాగుంటే ఆనాటి ఉక్కు కూడా కొంత మిగిలి ఉండవచ్చు.

కనుక మీరు డబ్బు పెట్టేది దానిని విప్పి మళ్లీ కట్టిన మనిషి చేతిపనికే. ఇది మీకు తెలియని సంగతి కాదు. కంపెనీ నుంచి లారీ ఛాసిస్ ఒట్టిగా వచ్చేది, క్యాబిన్, తొట్టి ఆటోనగర్‌లోనే కట్టేవారు, ఒకే కంపెనీ ఛాసిస్ మీద రెండు షెడ్లలో కట్టిన రెండు బాడీలు పదేళ్ల తరువాత ఎలా ఉంటాయో మీ నాన్నగారిని అడిగితే గంటసేపు చెబుతారు. స్ట్రీట్ రాడ్ కూడా అటువంటిదే. ఆశ్చర్యమేమిటంటే ఆ ప్రకటనలో ఇంజిన్ గురించీ రంగు గురించీ పదేసి వాక్యాలు ఉన్నాయి కాని, దానిని ఎవరు కట్టారు, ఎప్పుడు పూర్తి చేశారు, ఆ తరువాత ఎన్ని మైళ్లు నడిచింది అన్న మూడు విషయాలు ఎక్కడా లేవు. మీరు ఫోనులో మొదట అడగవలసినవి ఈ మూడే. కట్టేటప్పుడు తీసిన ఫొటోలు, విడిభాగాల రసీదులు, వైరింగ్ పటం ఉన్న ఫైలు యజమాని దగ్గర ఉంటే, ఆ ఫైలు నా దృష్టిలో ఎర్ర రంగు కన్నా ఎక్కువ విలువైనది.

ఆ ఫైలుతో చాలా మామూలు అవసరం కూడా ఒకటి ఉంది. దారిలో వాటర్ పంపు పాడైతే విడిభాగాల దుకాణంలో అడిగే మొదటి ప్రశ్న ‘ఏ సంవత్సరం, ఏ మోడల్’ అని. అక్కడ 1934 ఫోర్డ్ అని చెబితే ఏ ఉపయోగమూ లేదు. ఇంజిన్ ఏ దశాబ్దపు షెవ్రొలేదో, ముందు బ్రేకు ప్యాడ్లు ఏ కారువో, స్టీరింగ్ పెట్టె దేని నుంచి తీసినదో విడివిడిగా తెలిసి ఉండాలి. కట్టిన మనిషి ఈ వివరాలు రాసిపెట్టకపోతే ప్రతి మరమ్మతూ ఒక పరిశోధన అవుతుంది.

ఇక బాడీ విషయానికి వస్తే, అది ఉక్కా, ఫైబర్‌గ్లాసా అన్నది ముందుగా తేల్చుకోండి. 1933, 34 కూపేలను పోలిన ఫైబర్‌గ్లాస్ బాడీలు అమెరికాలో విరివిగా తయారయ్యాయి, వాటిలో చక్కని పనితనం ఉన్నవీ ఉన్నాయి కనుక ఫైబర్‌గ్లాస్ కావడం దానంతట అది లోపం కాదు. అసలు ఉక్కు అని చెప్పి దానిని అమ్మడం మోసం, ఎందుకంటే రెండింటి ధరల మధ్య చాలా తేడా ఉంటుంది. ఒక చిన్న అయస్కాంతాన్ని మెత్తని గుడ్డలో చుట్టి తీసుకువెళ్లి, యజమాని అనుమతితో తలుపుల కింది అంచులకూ, వెనుక ఫెండర్లు కలిసే చోటుకూ, డిక్కీ నేలకూ ఆనించి చూడండి. అసలు పట్టకపోతే ఫైబర్‌గ్లాస్, ఒక చోట గట్టిగా పట్టి పక్కనే జారిపోతే టింకరింగ్ సరిగా చేయకుండా మందంగా పుట్టీ పెట్టి రంగు వేశారని అర్థం. ఆ కాలపు ఫోర్డ్ కూపేలకు పైకప్పు మధ్యభాగంలో ఉక్కు రేకు ఉండేది కాదు, చెక్క ఆధారం మీద గుడ్డ కప్పు ఉండేది. కాబట్టి అసలు బాడీ అయితే ఆ ఖాళీని ఎవరో రేకుతో పూడ్చి వెల్డింగ్ చేసి ఉంటారు, ఆ పని ఎలా చేశారో లోపలి నుంచి చూపించమని అడగవచ్చు. త్రీ విండో కూపే తలుపులకు మడతబందులు వెనుక వైపున ఉంటాయి, అంటే తలుపు ముందు వైపు నుంచి తెరుచుకుంటుంది. నడుస్తుండగా గడియ వదిలితే గాలి ఆ తలుపును పూర్తిగా విసిరి తెరుస్తుంది కనుక, తలుపులకు రెండో గడియ గాని భద్రతా పిన్ను గాని అమర్చారా అని తప్పక చూడండి.

తరువాత కారును లిఫ్ట్ మీదికి ఎక్కించి కింది భాగం చూడాలి. పైన పటారం, లోన లొటారం అన్న మాట ఈ వ్యాపారంలో ఎంత తరచుగా నిజమవుతుందో నేను కళ్లారా చూశాను. స్ట్రీట్ రాడ్లలో ఎక్కువవాటికి ముందు భాగంలో 1974 నుంచి 1978 వరకు వచ్చిన ఫోర్డ్ మస్టాంగ్ టూ కారు సస్పెన్షన్‌ను గాని, దాని నమూనాలో ఇప్పుడు తయారవుతున్నదానిని గాని అమరుస్తారు. అది చిన్నది, స్టీరింగ్ అందులోనే కలిసి వస్తుంది, పాత ఛాసిస్ పట్టాల మధ్య ఇముడుతుంది. అయితే దానిని మోసే అడ్డపట్టాను వెల్డింగ్ చేసిన కోణం ఏ మాత్రం తప్పినా, చక్రం గతుకులో పైకి లేచినప్పుడు కారు తనంతట తాను పక్కకు లాగవచ్చు. ఈ తప్పును రంగు దాచగలదు కాని రోడ్డు దాచదు. గతుకుల దారిలో గంటకు 40 మైళ్ల వేగంతో నడుపుతూ స్టీరింగ్‌ను వేళ్లతో తేలికగా పట్టుకుంటే మీకే తెలిసిపోతుంది. వెల్డింగు గీతలు ఒకే వెడల్పులో, పక్క లోహంలోకి కరిగినట్టు ఉండాలి. ముద్దలు ముద్దలుగా పైన అంటుకున్నట్టు ఉండి, వాటి మీద గ్రైండర్ గీతలు కనిపిస్తే ఆ కారును వదిలివేయండి. ఇంజిన్ మార్చవచ్చు, సీట్లు మార్చవచ్చు, ఛాసిస్ పనిని మళ్లీ చేయించడమంటే కారును మొదటి నుంచి కట్టినట్టే.

బ్రేకుల గురించి కొంచెం ఎక్కువగా రాస్తున్నాను, మీ శ్రీమతిగారి భయంలో న్యాయమైన భాగం ఇక్కడే ఉంది. చాలా స్ట్రీట్ రాడ్లలో మాస్టర్ సిలిండర్‌ను, అంటే పెడల్ తొక్కినప్పుడు బ్రేకు ద్రవాన్ని చక్రాలకు నెట్టే భాగాన్ని, పాత పద్ధతిలోనే పాదాల కింద, నేల అడుగున అమరుస్తారు. అప్పుడది చక్రాల దగ్గర డిస్కును నొక్కిపట్టే కాలిపర్ల కన్నా పల్లంలో ఉండి, బ్రేకు ద్రవం నెమ్మదిగా వెనక్కి జారే అవకాశం ఏర్పడుతుంది, ఫలితంగా మొదటిసారి తొక్కినప్పుడు పెడల్ కిందికి దిగిపోయి రెండోసారికి గాని బ్రేకు పట్టదు. దీనికి మందు చాలా చిన్నది: డిస్కుల గొట్టంలో చదరపు అంగుళానికి 2 పౌండ్ల పీడనాన్ని నిలిపి ఉంచే ఒక వాల్వు. దానిని పెట్టడం మరచినవారు చాలామంది ఉన్నారు. పవర్ బ్రేకు బూస్టర్‌ది మరొక కథ. అది ఇంజిన్‌లో పుట్టే వాక్యూమ్‌తో పనిచేస్తుంది, గర్జన కోసం దూకుడైన క్యామ్‌షాఫ్ట్ (వాల్వులను తెరిచే ఇరుసు) వేయించిన ఇంజిన్‌లో ఐడిలింగ్‌లో ఆ వాక్యూమ్ తగ్గిపోతుంది కనుక, సరిగ్గా ట్రాఫిక్‌లో ఆగవలసిన వేళ పెడల్ రాయిలా మారుతుంది. ఇంజిన్ చప్పుడు విని మురిసిపోయేముందు, ఇంజిన్ నడుస్తుండగా పెడల్‌ను వరుసగా నాలుగుసార్లు తొక్కి చూడండి. చేతి బ్రేకు వాలులో కారును నిలబెడుతుందో లేదో కూడా పరీక్షించండి. పూర్తయిందని చెప్పే కార్లలో సైతం అది ఒట్టి అలంకారంగా మిగిలిపోవడం నేను పలుమార్లు చూశాను.

సీటు బెల్టులు ఉన్నాయా అని అందరూ అడుగుతారు, అవి దేనికి బిగించి ఉన్నాయో మాత్రం తక్కువమంది చూస్తారు. చెక్క నేలకో, ఫైబర్‌గ్లాస్ నేలకో బోల్టు వేసి వదిలేసిన బెల్టు ప్రమాదంలో నేలతో సహా ఊడి వస్తుంది. ఛాసిస్‌కు గాని, దానికి వెల్డింగ్ చేసిన ఉక్కు పట్టాకు గాని బిగించి ఉండాలి. స్టీరింగ్ గొట్టం ఢీకొన్నప్పుడు ముడుచుకునే రకమా, పాతకాలపు ఒంటి కడ్డీయా అన్నది కూడా తెలుసుకోండి. ఈ కారులో ఎయిర్‌బ్యాగులు ఉండవు, నలిగి దెబ్బను మింగే ముందుభాగం ఉండదు, సీటు ఒక్కటే వరుస. మీరు ముగ్గురు కూర్చుంటే మధ్యన కూర్చునేది మీ అమ్మాయి. మూడు బెల్టులకు చోటు లేకపోతే ముగ్గురు కలిసి వెళ్లకండి. వెనుక డిక్కీ సీటు ఉన్నట్లయితే దానిలో పిల్లలను ఎప్పుడూ కూర్చోబెట్టవద్దు. ఈ విషయంలో నేను మీ శ్రీమతిగారి పక్షమే. అయితే ఆమె భయపడవలసిన కారణం మటుకు వేరు: కారు తొంభై ఏళ్లది అయినందుకు కాదు, కంపెనీ పరీక్షలేవీ లేకుండా ఒక షెడ్డులో తయారైనది అయినందుకు జాగ్రత్త పడాలి. పైగా టెక్సాస్‌లో 2025 జనవరి 1 నుంచి సొంత వాహనాలకు వార్షిక భద్రతా తనిఖీ తీసివేశారు, కనుక ప్రభుత్వం తరఫున ఎవరో చూసి ఉంటారన్న ధీమా కూడా ఇప్పుడు లేదు. 1970 నుంచి ఉన్న నేషనల్ స్ట్రీట్ రాడ్ అసోసియేషన్ ఇటువంటి కార్లకు 23 అంశాల భద్రతా తనిఖీ చేస్తుంది. ఆ తనిఖీ పత్రం ఈ కారుకు ఉందేమో అడగండి. లేకపోతే స్ట్రీట్ రాడ్లు కట్టే మరొక షెడ్డు వారికి రుసుము చెల్లించి, కొనకముందే పరీక్ష చేయించండి. మామూలు మెకానిక్ దీనికి చాలడు.

డాలస్ ప్రాంతపు ఆగస్టు ఎండ మీకు నేను చెప్పనక్కరలేదు. 1934 ఫోర్డ్ ముందు జాలీ సన్నగా, నిలువుగా, ఎంతో అందంగా ఉంటుంది, ఈ కారును ఇంతమంది ప్రేమించడానికి అదొక కారణం. కాని ఆ సన్నని జాలీ వెనుక పట్టే రేడియేటరు 85 హార్స్‌పవర్ల ఇంజిన్ కోసం గీసినది. ఇప్పుడు దాని వెనుక 350 ఘనపు అంగుళాల ఇంజిన్, ముందు ఏసీ కండెన్సరు ఉన్నాయి. నా మిత్రుడొకరు ఇటువంటి 1940 కూపేను చలికాలంలో చూసి కొన్నారు, నేనే వెంట వెళ్లి బాగుందన్నాను. జూన్‌లో మొదటిసారి ట్రాఫిక్‌లో చిక్కుకున్నప్పుడు పావుగంటలో నీళ్లు మరిగి బయటికి చిమ్మాయి. ఫ్యాన్ చుట్టూ గాలిని మళ్లించే తొడుగు లేదని అప్పటికి గాని మేము చూడలేదు, ఆ తప్పు నాదే. అందువల్ల మీరు మధ్యాహ్నం ఎండలో వెళ్లి, ఏసీ పూర్తిగా పెట్టి, కారును నిలబెట్టిన చోటే అరగంటసేపు ఇంజిన్ నడిపించి ఉష్ణోగ్రత ముల్లును గమనించండి. అది ఒక చోట స్థిరపడాలి, నెమ్మదిగానైనా పైకి పాకుతూ ఉండకూడదు. మీరు వెళ్లేసరికి ఇంజిన్ చల్లగా ఉండాలని యజమానికి ముందే చెప్పండి, చల్లని ఇంజిన్ ఎలా స్టార్ట్ అవుతుందో చూడడం కూడా అవసరం.

వైరింగ్ గురించి ఒక్క మాట. ఫైబర్‌గ్లాస్‌లో విద్యుత్తు ప్రవహించదు కనుక ఆ బాడీకి ప్రతి దీపానికీ విడిగా ఎర్త్ తీగ లాగాలి. దీపాలు మిణుకుమిణుకుమంటుంటే చాలావరకు దోషం అక్కడే ఉంటుంది. డ్యాష్‌బోర్డు కింద రంగురంగుల తీగలు టేపు చుట్టి వేలాడుతుంటే అది నిప్పుకు ఆహ్వానమని భావించండి. పెట్రోలు వాసన కూడా ఉపేక్షించదగినది కాదు, ఇక్కడి పెట్రోలులో కలిసే ఇథనాల్ పాతరకం రబ్బరు గొట్టాలను తినేస్తుంది.

గేర్‌బాక్స్ ఏదో ప్రకటనలో రాయలేదు. షెవ్రొలే 350కి జతగా పాత మూడు గేర్ల ఆటోమేటిక్ ఉంటే హైవే మీద 70 మైళ్ల వేగంలో ఇంజిన్ అరుస్తూనే ఉంటుంది. 1982 నుంచి వచ్చిన నాలుగు గేర్ల 700ఆర్4 వంటి, హైవే వేగంలో ఇంజిన్‌ను నెమ్మదిగా తిరగనిచ్చే ఓవర్‌డ్రైవ్ గేరు ఉన్నది అయితే ప్రయాణం చాలా హాయిగా ఉంటుంది.

కాగితాల విషయంలో తొందరపడకండి. టెక్సాస్‌లో 1949కి ముందరి నమూనాలకూ, వాటిని పోలి తరువాత తయారైనవాటికీ స్ట్రీట్ రాడ్ అనే ప్రత్యేక నమోదు ఉంది. టైటిల్ (కారు యాజమాన్య పత్రం) మీద ఏ సంవత్సరం, ఏ పేరు, ఏ నంబరు ఉన్నాయో చదవండి. ఫోర్డ్ అసలు ఛాసిస్ అయితే ఎడమ పట్టా పైభాగాన 18తో మొదలయ్యే నంబరు చెక్కి ఉంటుంది, దానిలో కొంత బాడీ కింద దాగి ఉండవచ్చు. కారు మీద ఉన్న నంబరుకూ టైటిల్ మీద ఉన్న నంబరుకూ ఒక్క అంకె తేడా ఉన్నా డబ్బు ఇవ్వవద్దు. 17 అక్షరాల నంబర్లు 1981 నుంచే వచ్చాయి కనుక, మామూలు కారు చరిత్రను చూపే సేవలు ఈ కారు గురించి ఏమీ చెప్పలేవు.

ధర సంగతికి వస్తాను. ఇటువంటి కారును ఈనాడు కొత్తగా కట్టించాలంటే విడిభాగాలు, కూలి, రంగు కలిసి పూర్తయిన కారు అమ్ముడయ్యే ధరను సాధారణంగా మించిపోతాయి. అందుచేత మరొకరు కట్టినదానిని కొనడమే లాభసాటి, మీ ఆలోచన ఆ మేరకు సరైనదే. అసలు ఉక్కు బాడీ, నికరమైన ఛాసిస్, పూర్తి ఫైలు ఉంటే 54,000 డాలర్లు అడగడం అన్యాయం కాదు. ఫైబర్‌గ్లాస్ అయి, కట్టినవారెవరో తెలియనిదైతే ఆ ధర ఎక్కువ. పెట్టుబడిగా మాత్రం కొనకండి. ఒకరి అభిరుచికి తగినట్టు మార్చిన కారుకు అదే అభిరుచి ఉన్న మరొకరు దొరికేదాకా కొనుగోలుదారు ఉండడు.

ఆఫీసుకు తీసుకువెళ్లాలన్న మీ కోరికకు బీమా అడ్డు వస్తుంది. ఇటువంటి కార్లకు, పూర్తిగా నష్టపోతే ఇంత ఇస్తామని ముందే ఇద్దరూ ఒప్పుకున్న విలువ మీద పాలసీలు ఇస్తారు, అదే తీసుకోవాలి. మామూలు పాలసీలో కంపెనీవారు దీనిని పాత ఫోర్డ్‌గా లెక్కగట్టి తృణమో పణమో చేతిలో పెడతారు. కాని ఒప్పుకున్న విలువ పాలసీల్లో సాధారణంగా కారును తాళం ఉన్న గ్యారేజీలో ఉంచాలనీ, రోజువారీ ఉద్యోగ ప్రయాణాలకు వాడకూడదనీ షరతులు ఉంటాయి. వారానికి రెండు రోజుల మాటను బీమా ఏజెంటుకు దాచకుండా చెప్పి, జవాబును రాతపూర్వకంగా తీసుకోండి.

విజయవాడకు తీసుకువెళ్లే ఆలోచనను దయచేసి మానుకోండి. భారతదేశంలో 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన వాహనాలకు వింటేజ్ నమోదు ఇస్తారు. కాని ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉండాలన్నది దానికి షరతు. స్ట్రీట్ రాడ్ అన్నదే ఆ మూడింటినీ మార్చడం. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ కూడా తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తుంది. ఓడ ఖర్చు, సుంకం భరించి తీసుకువెళ్లినా అది మీ వాకిట్లో నిలబడవలసిందే. అసలు రూపంలో ఉన్న 1934 ఫోర్డ్ అయితే దారి వేరుగా ఉండేది. ఇది కాలిఫోర్నియా ఎండిన సరస్సుల మీద పందేలు వేసిన కుర్రవాళ్ల నుంచి పుట్టి, ఇక్కడి రోడ్ల కోసం పెరిగిన కళ, దానిని ఇక్కడే అనుభవించండి.

నాన్నగారు వచ్చే నెలలో వస్తున్నారని రాశారు కనుక, అప్పటిదాకా ఆగి ఆయనను వెంటబెట్టుకుని వెళ్లండి. ఈలోగా కారు మరొకరికి అమ్ముడుపోతే పోనివ్వండి, త్రీ విండో కూపేలు మళ్లీ వస్తాయి. లిఫ్ట్ మీదికి ఎక్కించిన తరువాత మీరు వెనక్కి తగ్గి, ముందుగా ఆయనను కిందికి వెళ్లి చూడనివ్వండి. ఎన్ని లారీ బాడీలు కట్టించారో గాని, వెల్డింగు గీత మీద చేయి పెట్టి చూడడం ఆయనకు ఎవరూ నేర్పనక్కరలేదు. లిఫ్ట్ ఎక్కించడానికి యజమాని ఒప్పుకోకపోతే కారణం అడగకుండా నమస్కారం పెట్టి ఇంటికి వచ్చేయండి.